అటకెక్కిన పేపర్ పీసింగ్ క్విల్ట్‌ను మళ్లీ కుట్టడం ఎలా?

ఆరు పలకల కాగితం ముక్కల మీద గుడ్డ మడిచి, అంచుకి అంచు కలిపి చేత్తో క్విల్ట్, అంటే ముక్కల బొంత, కుట్టే పని ఇంగ్లిష్ పేపర్ పీసింగ్. చుట్టూ కుట్టాక కాగితం తీసేస్తారు. ఏళ్లు పట్టడం మామూలే, మధ్యలో అటకెక్కడం ఇంకా మామూలు. అందరూ చేసే తప్పేమిటంటే, సంచి దించిన రోజే సూదిలో దారం ఎక్కించడం. ఆ రోజు సూది ముట్టుకోకండి.

ముందు అన్నీ మంచం మీద పరవండి. గుండుసూదులుంటే పీకేయండి, తుప్పు మరక పడితే వదలదు. పూర్తయిన పువ్వులెన్ని, టాకా (గుడ్డ మడతని కాగితానికి పట్టి ఉంచే తాత్కాలిక కుట్టు) వేసిన ముక్కలెన్ని, ఉత్త కాగితాలెన్నో రాసుకోండి. నడుమ 1, చుట్టూ 6, ఆ చుట్టూ 12, అంటే రెండు వరసల పువ్వుకి 19 ముక్కలు. సామాను అంటారా? 10 లేదా 11 నంబరు సూది, సన్న నూలు దారం, కత్తెర. అంతే.

ఇక అసలు గండం. కాగితాలు చాలవు, కొత్తవి ప్రింట్ తీయిస్తారు. కొంప మునిగేది ఇక్కడే. పాతవి భుజం అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. కొత్తవి 25 వచ్చాయనుకోండి, చేతిలో చూస్తే తేడా తెలియదు. కానీ ఎదురెదురు భుజాల మధ్య దూరం భుజానికి 1.73 రెట్లు కాబట్టి ముక్కకి 0.7 మిల్లీమీటర్లు తగ్గుతుంది, 20 ముక్కల వరసలో 14 మిల్లీమీటర్లు. దాన్ని లాగి సర్ది కుట్టేస్తే క్విల్ట్ అప్పడంలా ఉబ్బుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా అణగదు. ఒక ప్రింట్ షాపువాడు పేజీకి సరిపోయేలా కుదించి ఇచ్చిన కాగితాలతో నేను నాలుగు పువ్వులు కుట్టి, నాలుగూ విప్పాను.

అందుకని స్కేలుని నమ్మకండి. పాత కాగితమే కొలబద్ద. ఆరు వైపులా పక్క ముక్కలు కుట్టేసిన ముక్క ఒకటి చూసి, టాకా తెంపి దాని కాగితం తీయండి. అంచు ముక్కల జోలికి మాత్రం పోవద్దు, కాగితం లేని అంచు ఏటవాలు నేత దగ్గర సాగిపోతుంది. తీసిన కాగితాన్ని కొత్తదాని మీద పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. ఆరు మూలలూ కలవాలి, ఐదు కలిస్తే కలవనట్టే. ఆ తర్వాత పాతవి పది, కొత్తవి పది, భుజానికి భుజం ఆనించి రెండు వరసలు పేర్చండి. ఒక్కదాంట్లో దాక్కున్న తేడా పదింట్లో బయటపడుతుంది. ప్రింట్ 100 శాతం సైజులోనే తీయమని దగ్గరుండి చెప్పండి. అప్పటికీ కలవకపోతే కొత్తవి పారేసి, లోపలి ముక్కల నుంచి పాతవే తీసి వాడుకోండి. నలగకుండా తీస్తే ఒక్కో కాగితం నాలుగైదు సార్లు వస్తుంది.

అసలు ప్రింట్ ఎందుకు? పాత ఇంగ్లిష్ క్విల్టుల్లో ఉత్తరాలు, పద్దుల పుస్తకాల పేజీలు దొరుకుతుంటాయి, వాటిని బట్టే కొన్నిటి వయసు కట్టారు. నేను మరీ దళసరి కాని శుభలేఖలు కత్తిరిస్తాను. ఏ దుకాణం కాగితమూ అంత బాగా నిలబడదు.

పాత ముక్కలకి జిగురు పెన్ను వాడి ఉంటే అది గట్టిపడి కాగితాన్ని వదలదు. గుడ్డకి ఒక మూల తడిపి రంగు పోతుందేమో చూసుకుని, తడిగుడ్డతో వెనకవైపు అద్ది, మెత్తబడ్డాక నెమ్మదిగా ఒలవండి. ఇకమీదట జిగురు మానేయండి. టాకాకి టైం పడుతుందంటారు. విప్పేటప్పుడు ఒక్క లాగుతో వచ్చేది టాకాయే.

ఇప్పుడు సూది. ముందు పాత కుట్ల చివర్లు లాగి చూసి, వదులైన ముళ్లు బిగించండి. రెండు ముక్కలు మొహాలు కలిపి పట్టుకుని, కాగితానికి తగలకుండా మడత మీద రెండు నూలు పోగులే అందుకుంటూ కుట్టండి. అంగుళానికి 16 కుట్లకి తగ్గితే ఒప్పుకోను. ఏళ్ల తర్వాత చెయ్యి బిగువు మారుతుంది కాబట్టి మొదటి పువ్వు విడిగా కుట్టి, పాతదాని పక్కన పెట్టి పోల్చాకే కలపండి. బయటి వరస కాగితాలు అంచుపట్టీ కుట్టేదాకా అలాగే ఉండనివ్వండి.