గోబ్లిన్లతో గంట కొట్లాట: డీ అండ్ డీ ఫైట్‌ను త్వరగా నడపడం ఎలా

పాచికలు వేస్తూ, బల్ల చుట్టూ కూర్చుని కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ). దాని 5వ ఎడిషన్‌లో ఒక రౌండ్, అంటే అందరికీ తలా ఒక టర్న్ అయ్యే వరకు, కథలో 6 సెకన్లు. బల్ల దగ్గర లెక్క వేరు. ఐదుగురు ప్లేయర్లు తలా 2 నిమిషాలు తీసుకుంటే 10 నిమిషాలు. ఎదురుగా ఉన్న 8 గోబ్లిన్లకు (చిన్న మాన్‌స్టర్లు) ఆట నడిపే డీఎం, అంటే డంజన్ మాస్టర్, ఒక్కోదానికి 40 సెకన్లు పెట్టినా ఇంకో 5 నిమిషాలు. నాలుగు రౌండ్లకు గంట. అందులో ఒక్కో ప్లేయర్ ఆడేది 8 నిమిషాలు, మిగతా 52 నిమిషాలూ కూర్చోవడమే. కూర్చున్నవాడు ఫోన్ తీస్తాడు. తన టర్న్ రాగానే "ఏమైంది, ఎవరు మిగిలారు?" అంటాడు. అది చెప్పడానికి మరో అర నిమిషం.

అందుకే ముందు పట్టుకోవాల్సింది టర్న్‌కీ టర్న్‌కీ మధ్య పోయే టైం. అట్ట ముక్కల మీద పేర్లు రాసి, మధ్యకు మడిచి, ఇనిషియేటివ్ (ఎవరి తర్వాత ఎవరి టర్న్) వరుసలో డీఎం ముందుండే అట్ట తెర మీద తగిలించండి. పేరు రెండు వైపులా ఉండాలి. మీ వైపు ఆ పాత్ర ఆర్మర్ క్లాస్ (ఏసీ, దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) కూడా రాసుకుంటే "నీ ఏసీ ఎంత?" అని ప్రతిసారీ అడిగే పని తప్పుతుంది. పిలిచేటప్పుడు ఎప్పుడూ ఇద్దరిని పిలవండి: "ఫైటర్, నీ టర్న్. విజార్డ్, తర్వాత నువ్వే." ఈ ఒక్క అలవాటు ఇసుక గడియారం కంటే బాగా పనిచేస్తుంది. గడియారం పెడితే పాతవాళ్లు సర్దుకుంటారు గానీ, కొత్తవాళ్లు కంగారుపడి ప్రతి టర్న్‌లోనూ "కొడతాను" తప్ప ఇంకేమీ అనరు. స్పెల్స్ (మంత్రాలు) వాడేవాళ్ల దగ్గర ఆ రోజుకు సిద్ధం చేసుకున్న స్పెల్స్ దూరం, సేవ్ (దాన్ని తట్టుకోవడానికి ఎదుటివాళ్లు వేసే పాచిక), డ్యామేజ్ ఒక చీటీ మీద ఉండాలి. ఫైట్ మధ్యలో పుస్తకం తెరవకూడదు. రూల్ మీద వాదన వస్తే డీఎం అప్పటికి ఒక తీర్పు చెప్పి, అసలు రూల్ ఆట అయ్యాక చూడాలి.

పాచికల దగ్గర పొదుపు సులువు. డీ20 (20 ముఖాల పాచిక)తో పాటు డ్యామేజ్ పాచిక కూడా ఒకేసారి వేయించండి, దెబ్బ తగలకపోతే రెండోదాన్ని వదిలేయడమే. రెండు దెబ్బలు కొట్టే ఫైటర్ అయితే ఎర్ర డీ20కి ఎర్ర డీ8, నీలం డీ20కి నీలం డీ8 జత చేసుకుని నాలుగూ కలిపి వేయాలి. మాన్‌స్టర్ల డ్యామేజ్ మాత్రం వేయకండి. 5వ ఎడిషన్ 2014 పుస్తకంలో గోబ్లిన్ దెబ్బ పక్కన "5 (1డీ6+2)" అని, అంటే ఒక ఆరు ముఖాల పాచికకు 2 కలిపితే వచ్చే సగటు, అచ్చేసే ఉంటుంది, ఆ 5 వాడండి. హిట్ పాయింట్లను (ఎంత డ్యామేజ్ తట్టుకోగలదో చెప్పే అంకె) తీసివేస్తూ రాయడం కంటే తగిలిన డ్యామేజ్‌ను కూడుతూ పోవడం త్వరగా అవుతుంది, తప్పులూ తగ్గుతాయి.

అసలు టైం తినేది గుంపు. ఒకే రకం మాన్‌స్టర్లన్నిటికీ కలిపి ఒకే ఇనిషియేటివ్ వేయమని రూలే చెబుతోంది, చాలామంది పట్టించుకోరు. దెబ్బలకు 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గుంపు పట్టిక ఉంది. ఎదుటివాడి ఏసీ నుంచి అటాక్ బోనస్ (దెబ్బ వేసే డీ20కి కలిపే అంకె) తీసేయండి. వచ్చిన అంకె 5 లోపు అయితే ప్రతి దెబ్బా తగులుతుంది. 6 నుంచి 12 అయితే ఇద్దరికి ఒకటి, 13-14 అయితే ముగ్గురికి ఒకటి, 15-16 అయితే నలుగురికి ఒకటి. ఏసీ 17 ఉన్న ఫైటర్ మీద +4 బోనస్‌తో 8 గోబ్లిన్లు పడ్డాయనుకోండి: 17లో 4 పోతే 13, అంటే ముగ్గురికి ఒకటి. రెండు దెబ్బలు, 10 డ్యామేజ్, అయిపోయింది. ఒక్క పాచికా పడలేదు. దీనికి ఖరీదు ఉంది: క్రిటికల్ దెబ్బలు (డీ20 మీద 20 పడితే తగిలే పెద్ద దెబ్బలు) పోతాయి, ఉత్కంఠా పోతుంది. అందుకని అరడజను దాటిన గుంపుకే వాడి, వాళ్ల నాయకుడికి మాత్రం పాచికలు వేయండి.

ఫైర్‌బాల్ స్పెల్ (నిప్పు గోళం) పడినప్పుడు ఎనిమిది గోబ్లిన్లకు ఎనిమిది సేవ్‌లు వేసే డీఎంలు ఉన్నారు. ముందు డ్యామేజ్ వేయించండి. 8డీ6 (ఎనిమిది ఆరు ముఖాల పాచికలు) సగటు 28. మొత్తం 14 వచ్చినా చాలు, సేవ్ గెలిచినదానికీ సగం, అంటే 7 తగులుతుంది. గోబ్లిన్ హిట్ పాయింట్లు ఏడే. ఇంక సేవ్‌లు దేనికి?

ప్లేయర్ల వైపు గుంపుదీ ఇదే గొడవ. జంతువులను రప్పించే 2014 స్పెల్ కంజ్యూర్ యానిమల్స్‌తో డ్రూయిడ్ 8 తోడేళ్లను దింపితే ఆ టర్న్ ఇక తెమలదు. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో దాన్ని విడివిడి జంతువులు లేకుండా ఒకే మందగా మార్చేశారు. పాత పుస్తకంతోనే ఆడుతుంటే, ఆ స్పెల్ వేసినప్పుడు తోడేళ్లకు బదులు పెద్ద జంతువు ఒక్కటే తెచ్చుకోమని డ్రూయిడ్‌ను ముందే అడగండి.

ఇక ముగింపు. గెలిచేది ఎవరో తేలిపోయాక సాగే రెండు రౌండ్లే అందరికీ విసుగు. 1981 డీ అండ్ డీ బేసిక్ సెట్‌లో దీనికి మొరేల్ (నిలబడి పోరాడే ధైర్యం) ఉండేది: మొదటి చావు పడినప్పుడోసారి, సగం మంది పడిపోయాక ఇంకోసారి 2డీ6 వేసి, మొరేల్ అంకె కంటే ఎక్కువ వస్తే పారిపోవడం. గోబ్లిన్లకు అది 7. 5వ ఎడిషన్‌లోకి అలాగే తెచ్చుకోవచ్చు, అడ్డేమీ లేదు. ఒక్క చిక్కు: పారిపోయేవాళ్లను ప్లేయర్లు తరుముతారు, అది మళ్లీ ఇంకో ఫైట్ అయి కూర్చుంటుంది. గుహలో ఏ సందు దాటితే ఇక దొరకరో ముందే అనుకుని, దాటగానే ఆ మాట బయటికే చెప్పేసి మినియేచర్లు తీసేయండి.