కుట్టు గైడ్ మనమే చేసుకుందాం – 3వ పాఠం: బట్ట గైడ్‌కి ఎక్కడ ఆనాలి?

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. సూదికీ బాబిన్‌కీ దారం తీసేసి, గైడ్ (బట్ట అంచు ఆనుకుని నడిచే గోడ) ఏమీ లేకుండా, కాగితం అంచుకి 10 మి.మీ. లోపలగా కుట్టుకుంటూ పొమ్మన్నాను. ఆ కాగితాలు ఇప్పుడు ముందు పెట్టుకోండి. వెలుతురుకి ఎత్తి చూస్తే రంధ్రాల వరస ఎక్కడ పక్కకి జరిగిందో ఇట్టే కనిపిస్తుంది. చాలామందికి అది రెండు చోట్ల జరుగుతుంది. చేయి ఎత్తి మళ్లీ ముందుకి వేసుకున్నప్పుడల్లా కొంచెం, చివరి రెండు మూడు సెంటీమీటర్లలో మరికాస్త. ఆ రెండు చోట్లా పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ఇవాళ్టి గైడ్ వాటి కోసమే.

జూకీ డీడీఎల్-8700 లాంటి ఒంటి సూది మెషిన్ నిమిషానికి 5,500 కుట్ల దాకా వేయగలదు. మనం అంత తొక్కం. 4,000 కుట్లే అనుకుందాం, కుట్టు పొడవు 2.5 మి.మీ. అనుకుందాం. అప్పుడు కూడా నిమిషానికి 10 మీటర్లు, అంటే సెకనుకి 16 సెంటీమీటర్ల పైచిలుకు బట్ట సూది కింద నుంచి వెళ్లిపోతుంది. సూది కింది ప్లేటు మీద చెక్కిన గీతని చూస్తూ సర్దుకోవడానికి అంత వ్యవధి ఉండదు. అంచు వచ్చి ఆనుకునే గోడ ఒకటి ఉండాలి.

ఆ గోడని ఇనుముతో చేయాలా, ప్లాస్టిక్‌తో చేయాలా అని అందరూ ముందు అడుగుతారు. నా దృష్టిలో అది తర్వాతి సంగతి. బట్ట ఆ గోడకి ఎక్కడ ఆనుతోంది అన్నదే అసలు సంగతి. ఖరీదైన గైడ్ తప్పు చోట ఉంటే మార్జిన్, అంటే కుట్టుకీ బట్ట అంచుకీ మధ్య దూరం, తప్పుగానే వస్తుంది. కార్డు ముక్క సరైన చోట ఉంటే మార్జిన్ సరిగ్గా వస్తుంది.

కుట్టు పడేది సూది దగ్గర. కాబట్టి అంచు గోడకి ఆనాల్సింది సూదికి సరిగ్గా ఎదురుగా. సూది దాటి వెనక్కి పోయిన బట్టకి గైడ్‌తో పనిలేదు, అక్కడి కుట్టు అప్పటికే పడిపోయింది. గోడ సూదికి ఒక సెంటీమీటరు ముందే ఆగిపోతే ఏమవుతుంది? కుట్టు మొత్తం బాగానే వస్తుంది, చివరి సెంటీమీటరు తప్ప. బట్ట తోక గోడని వదిలేశాక సూది దాకా దాన్ని పట్టేది ఏదీ లేదు మరి. మీరు కాగితం చివర సున్నా చుట్టిన చోటు ఇదే. అందుకని తిన్నటి కుట్టుకి గోడ మన వైపు మూడు నాలుగు సెంటీమీటర్లు పొడవుగా ఉండి, వెనక కొస సూదికి ఎదురుగా ముగియాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటినా ఫర్వాలేదు.

వంపుల దగ్గర ఇదే సంగతి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మెడ, చంక, కాలర్ కొస, ఇలాంటి చోట 5 సెం.మీ. వ్యాసార్థం ఉన్న వంపు అనుకోండి. బయటికి ఉబ్బిన అంచు తిన్నటి గోడకి ఒక్క బిందువు దగ్గరే ఆనుతుంది. ఆ బిందువు సూదికి 1 సెం.మీ. ముందుంటే, సూది దగ్గరికి వచ్చేసరికి అంచు గోడ నుంచి దాదాపు 1 మి.మీ. దూరం జరిగి ఉంటుంది. లెక్క చిన్నదే: ఆ ముందున్న దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్థానికి రెట్టింపుతో భాగించండి. 10 × 10 ÷ 100, అంటే 1 మి.మీ. మీరు 10 మి.మీ. అనుకున్న మార్జిన్ 9 అయింది. లోపలికి తొలిచిన అంచు అయితే గోడ రెండు కొసలకీ ఆని మధ్యలో తేలుతుంది. సూదికి అటూ ఇటూ సమానంగా ఉన్న 2 సెం.మీ. గోడ అయినా సరే, మధ్యలో మళ్లీ అదే 1 మి.మీ. పోతుంది. రెండు రకాల వంపుల్లోనూ మార్జిన్ తగ్గడమే చూడండి. వంపు దగ్గర కొలత ఎప్పుడూ తక్కువే వస్తోందని మీకు అనిపిస్తుంటే చేతిని తిట్టుకోకండి, గోడ పొడవు చూడండి.

వంపుకి కావాల్సింది గోడ కాదు, ముక్కు. గుండ్రటి కొస ఒకటి సూదికి సరిగ్గా ఎదురుగా నిలబడాలి.

రెండు పనులకీ ఒకే గైడ్ చేయవచ్చు. గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి చాలు. కార్డు 0.76 మి.మీ. మందం, పొడవు 85.6 మి.మీ., వెడల్పు దాదాపు 54 మి.మీ. ఉంటుంది. అందులో 40 × 20 మి.మీ. ముక్కలు సరిగ్గా నాలుగు వస్తాయి. ఒకదాని మీద ఒకటి అంటిస్తే 3 మి.మీ. ఎత్తు. చొక్కా గుడ్డ, పలుచటి పాలిస్టర్, ఇలాంటివాటికి ఆ ఎత్తు సరిపోతుంది. జీన్స్ అయితే ఇంకో కార్డు కోసి రెండు పొరలు కలపండి. కుట్టులో అన్నిటికన్నా మందంగా వచ్చే అడ్డజోడింపుకి (ఒక జోడింపు మీదుగా ఇంకోటి దాటే చోటు) కనీసం రెట్టింపు ఎత్తు ఉండాలని నేను పెట్టుకున్న లెక్క. అంకెలు ఉబ్బెత్తుగా ఉన్న కార్డు వద్దు, పొరలు సమంగా కూర్చోవు.

అంటించే ముందు రెండు ముఖాల నునుపునీ ఉప్పు కాగితంతో పోగొట్టండి, లేకపోతే జిగురు పట్టదు. నాలుగూ అంటించి, బరువు కింద పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక పొట్టి వైపుని ఆకురాయితో అర్ధచంద్రంలా గుండ్రం చేయండి. వెడల్పు 20 మి.మీ. కాబట్టి 10 మి.మీ. వ్యాసార్థం వస్తుంది. రెండో పొట్టి వైపు తిన్నగానే ఉంచండి.

ఇప్పుడు అంచుల పని. ఓపిక అంతా ఇక్కడ పెట్టండి. గాజు పలక మీద ఉప్పు కాగితం పరిచి, గైడ్‌ని నిలువుగా పట్టి, పొడవు అంచుని దాని మీద రుద్దండి. చేయి వాలకుండా పక్కన ఒక చెక్క దిమ్మ ఆనించుకోండి. నాలుగు పొరలూ ఒకే గోడ అయిపోవాలి. మూలమట్టం ఆనించి వెలుతురులో చూస్తే సందు కనిపించకూడదు. గోడ పైకి వాలి ఉంటే బట్ట దాని మీదికి ఎక్కుతుంది. అడుగున లోపలికి పోయి ఉంటే కింది పొర దాని కిందికి దూరుతుంది. ముతకతో మొదలుపెట్టి 400 నంబరు దాకా వచ్చాక, పలుచటి సిల్కు ముక్కనో నైలాన్ ముక్కనో అంచు వెంట లాగి చూడండి. ఎక్కడైనా పోగు తగులుకుంటే అక్కడ మళ్లీ రుద్దాలి.

రేకుని ఎల్ ఆకారంలో వంచి చేసుకుంటే ఇంత శ్రమ ఉండదు కదా అని మీరు అనుకోవచ్చు. రేకు గైడ్ మంచిదే, తర్వాతి పాఠం దాని గురించే. కానీ రేకు వంచిన చోట మూల పదునుగా రాదు, గుండ్రంగా వస్తుంది. ఆ గుండ్రం సరిగ్గా బట్ట వైపు, బెడ్‌ని (బట్ట జారే మెషిన్ చదును భాగం) తాకే చోట పడుతుంది. బెడ్‌కీ గోడకీ మధ్య అక్కడ సన్నటి గాడి మిగులుతుంది. పలుచటి గుడ్డలో కింది పొర అంచు చల్లగా అందులోకి జారుకుంటుంది, పై పొర మాత్రం గోడ దగ్గరే ఆగుతుంది. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. జోడింపు విప్పి చూస్తేనే కింది పొర మార్జిన్ ఎక్కువైందని తెలుస్తుంది. కార్డుల దొంతరలో ఆ గాడి రాదు. మొదటి గైడ్ కార్డులతో చేయిస్తున్నది అందుకే.

బిగించే ముందు స్విచ్ ఆపండి. క్లచ్ మోటార్ అయితే స్విచ్ ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ సమయంలో పెడల్ మీద కాలు పడితే సూది కదులుతుంది. శబ్దం పూర్తిగా ఆగాకే చేయి పెట్టండి. ఇక్కడి నుంచి సూదిని హ్యాండ్ వీల్‌తోనే కదపాలి.

స్కేలుతో కొలిచి గైడ్ పెట్టడం నాకు ఇష్టం లేదు. 14 నంబరు సూది మందం 0.9 మి.మీ. స్కేలు సూది పక్కకి ఆనుతుంది గానీ కుట్టు సూది నడిమధ్యన పడుతుంది. అక్కడే అర మిల్లీమీటరు దాకా తేడా. అర మిల్లీమీటరుకి ఇంత పట్టింపా అంటే, అది రెండు ముక్కల నుంచీ పోతుంది, అంటే జోడింపుకి 1 మి.మీ. ఎనిమిది ముక్కల స్కర్ట్‌లో నడుము దగ్గర 8 మి.మీ. అవుతుంది.

కాగితంతో చేయండి. పోస్టుకార్డు మందం ఉన్న అట్ట తీసుకుని, కుడి అంచుని పదునైన బ్లేడుతో తిన్నగా కోయండి. ఆ అంచుకి 10 మి.మీ. లోపల సమాంతరంగా సన్నటి గీత గీయండి. దారం లేకుండా, హ్యాండ్ వీల్ చేత్తో తిప్పుతూ, సూది సరిగ్గా ఆ గీత మీదే పడేలా ఒక పది సెంటీమీటర్లు పోనివ్వండి. ఫుట్ (బట్టని పైనుంచి నొక్కే పాదం) దించే ఉంచి, సూది అట్టలో దిగి ఉండగా ఆపండి. ఇప్పుడు ఆ అట్ట అంచు సూది మధ్య నుంచి సరిగ్గా 10 మి.మీ. దూరంలో ఉంది. కింద నుంచి బట్టని లాగే ఫీడ్ డాగ్ పళ్ల దారికి సమాంతరంగా కూడా ఉంది. స్కేలు ఈ రెండోది ఎప్పటికీ చెప్పలేదు. గైడ్ పొడవు అంచుని ఆ అట్టకి ఆనించి, గుండ్రటి కొస మీ వైపు ఉండేలా, తిన్నటి కొస సూదికి ఎదురుగా వచ్చేలా పెట్టండి. గుండ్రటి కొస ఇక్కడ బట్ట లోపలికి రావడానికి నోరులా పనికొస్తుంది.

బెడ్ మీద నూనె చుక్క ఉన్నా టేపు నిలవదు, ముందు స్పిరిట్‌తో తుడవండి. పలుచటి రెండువైపుల టేపు వాడండి. స్పాంజి టేపు వద్దే వద్దు, బట్ట ఒత్తిడికి అది పక్కకి సాగి గైడ్ ఊగుతుంది. టేపుని గోడ అంచు దాకా అంటించి, బ్లేడుతో సమంగా కోసి, ఆ కోసిన చోట కాస్త చాక్ పొడి రాయండి. జిగురు బయటపడి ఉంటే నూలు దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

ఫుట్ దించి చూడండి. ఫుట్ కుడి వేలికీ గైడ్‌కీ మధ్య కనీసం 1 మి.మీ. ఖాళీ ఉండాలి. మార్జిన్ ఫుట్ కుడి సగం కన్నా సన్నగా ఉంటే ఈ గైడ్ పనికిరాదు, ఫుట్ దాని మీదే కూర్చుంటుంది. అలాంటి సన్నటి కుట్టుకి స్ప్రింగ్ వేలు ఉన్న గైడ్ ఫుట్ సరైనది.

అయస్కాంతం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పోత ఇనుము బెడ్ మీద అది గట్టిగానే పట్టుకుంటుంది, కానీ పైకి లాగితే గట్టి, పక్కకి తోస్తే తేలిక. బట్ట తోసేది పక్కకే. పైగా గుండుసూదుల్నీ, విరిగిన సూది మొనల్నీ లాక్కుని దాచుకుంటుంది. తాత్కాలికంగా వాడేవాళ్లు కింద మాస్కింగ్ టేపు వేసి వాడండి, మెషిన్ తల వెనక్కి వాల్చే ముందు తీసేయండి.

కుట్టేటప్పుడు చూపు సూది మీద వద్దు, గైడ్ నోటి దగ్గర ఉంచండి. కుడి చేత్తో అంచుని గోడకి ఆనీ ఆననట్టు తోయండి. గట్టిగా తోస్తే అంచు ముడిచి గోడ ఎక్కుతుంది, అక్కడ మార్జిన్ పెరుగుతుంది. వంపు వచ్చినప్పుడు గైడ్‌ని తీసి అడ్డంగా తిప్పి, గుండ్రటి ముక్కు సూదికి ఎదురుగా ఉండేలా అదే అట్టతో మళ్లీ కొలిచి అంటించండి. ముక్కుకి దారి చూపే పొడవు లేదు కాబట్టి బట్టని తిప్పే పని మొత్తం ఎడమ చేతిదే. నెమ్మదిగా కుట్టండి.

ఈ పాఠానికి అభ్యాసం: రెండు పొరల నూలు గుడ్డ మీద తిన్నటి పట్టీ ఒకటి, 5 సెం.మీ. వ్యాసార్థంతో ఉబ్బిన వంపు ఒకటి, తొలిచిన వంపు ఒకటి కోయండి. వంపులు రెండింటినీ మొదట పొడవు గోడతో కుట్టండి, తర్వాత ముక్కుతో కుట్టండి. మొదట్లో, మధ్యలో, చివర్లో మార్జిన్ కొలవండి. పై పొర ఒకసారి, కింది పొర ఒకసారి. అంకెలు ఆ గుడ్డ మీదే రాసి దాచండి.

ఇంకో పని. మీ మెషిన్ బెడ్ మీద సూదికి కుడివైపున గైడ్ కోసం మర కోసిన రంధ్రాలు ఉండవచ్చు, దుమ్మూ నూనే నిండి కనిపించకపోవచ్చు. గుండుసూదితో శుభ్రం చేయండి. వాటిలో చేతికందిన స్క్రూ ఏదీ తిప్పకండి. చాలా పారిశ్రామిక మెషిన్లలో మరలు అంగుళం కొలతవి, మామూలు మిల్లీమీటరు స్క్రూ బలవంతంగా దించితే మర పాడైపోతుంది. బెడ్ మీద పలుచటి కాగితం పరిచి, పెన్సిల్ పక్కవాటుగా రుద్ది, ఆ రంధ్రాల అచ్చు తీసుకోండి. సూది దిగే చోటు కూడా ఆ కాగితం మీద గుర్తు పెట్టండి. రేకు గైడ్‌లో స్క్రూ పట్టే గాడి పొడవు ఆ కాగితం నుంచే తీస్తాం.