పాత జర్మన్ యుద్ధ బ్యాడ్జి: లోహం, పూత, చివరగా తయారీదారు ముద్ర

చిత్తూరులో ఒక మిత్రుని ఇంట, ఆయన తాతగారి ట్రంకుపెట్టె అడుగున, బూడిద రంగు బ్యాడ్జి ఒకటి దొరికింది. కోడిగుడ్డు ఆకారంలో ఆకుల దండ, దాని మీదుగా ఏటవాలుగా బాయినెట్టు బిగించిన రైఫిలు, పైన స్వస్తిక్ గుర్తును గోళ్లతో పట్టుకున్న గద్ద. ఇది జర్మన్ సైన్యపు పదాతిదళ దాడి బ్యాడ్జి. తాతగారు బ్రిటిష్ ఇండియా సైన్యపు ఇంజినీరింగ్ దళమైన మద్రాసు సాపర్స్‌లో చేరి రెండవ ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికాకు వెళ్లినవారు. అక్కడి నుంచి గుర్తుగా తెచ్చుకుని ఉంటారు. ఇంట్లో అవ్వ దానిని పూజ చెంబులతో కలిపి చింతపండుతో తోమబోతుండగా ఆపించాము. ఇలాంటి వస్తువు దొరికినవారికి నేను చెప్పవలసిన మొదటి మాట అదే: తోమకండి. చింతపండు పులుపు ఇత్తడి మీది మకిలిని పోగొట్టినట్టే బ్యాడ్జి మీది పలుచని పూతనూ పోగొడుతుంది, ఆ పూతే మనకు ప్రధాన సాక్ష్యం. కంసాలి దగ్గరకు తీసుకువెళ్లినా గీటురాయి మీద గీయనివ్వకండి. ఆయన భూతద్దమూ, సన్నని త్రాసూ మాత్రం ఎంతో ఉపయోగపడతాయి.

చాలామంది బ్యాడ్జి వెనుక ఉన్న తయారీదారు అంకెను ముందుగా వెతుకుతారు. అది తలకిందుల పద్ధతి. నకిలీ చేసేవాడికి అన్నిటికంటే సులువైన పని అంకె కొట్టడమే. లోహాన్నీ, ఎనభై ఏళ్ల పూతనూ అనుకరించడం కష్టం. అందుచేత లోహం, పూత, పిన్ను అమరిక, ఆ తరువాతే ముద్ర అన్న వరుసను పాటించాలి.

ముందు అయస్కాంతాన్ని దగ్గరకు తీసుకురండి. గాయపడిన సైనికులకు ఇచ్చిన నల్లని బ్యాడ్జిలలో చాలా భాగం పలుచని ఇనుప రేకుతో చేసి నల్లరంగు వేసినవి కాబట్టి అవి అంటుకుంటాయి. వాటిలో తొలినాటివి ఇత్తడివి, అవి అంటుకోవు. 1939 నాటి ఐరన్ క్రాస్ అనే జర్మన్ సైనిక పతకంలో సాధారణంగా వెండి చట్రం మధ్య ఇనుప పలక ఉంటుంది. అంటుకోని బ్యాడ్జిలు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి టోంబాక్, అంటే రాగి పాలు ఎక్కువగా ఉండి కాస్త ఎర్రగా కనిపించే ఇత్తడి. రెండవది మన పూజా సామాను దుకాణాలలో జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మే మిశ్రమమే. రాగి, నికెల్, జింకు కలిసిన దానిలో వెండి రవ్వంతయినా ఉండదు. మూడవది జింకు. యుద్ధం సాగేకొద్దీ రాగి, నికెల్ ఆయుధాలకు అవసరమై, బ్యాడ్జిల తయారీ జింకు వైపు మళ్లింది. కనుక మంచి టోంబాక్ బ్యాడ్జి సాధారణంగా యుద్ధపు తొలి సంవత్సరాలనూ, జింకు బ్యాడ్జి తరువాతి సంవత్సరాలనూ సూచిస్తుంది. ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిని తూస్తే టోంబాక్ బరువుగా తూగుతుంది. ఘన సెంటీమీటరుకు టోంబాక్ 8.7 గ్రాముల వరకు, జింకు 7.1 గ్రాములు ఉంటుంది.

పూత దగ్గర ఎక్కువ సేపు ఆగాలి. టోంబాక్ మీద వెండి పూత గట్టిగా నిలుస్తుంది. అరిగినా ఎత్తయిన చోట్ల, అంటే గద్ద రొమ్ము మీద, రైఫిలు అంచున, దండలోని ఆకుల నడిమి ఈనెల మీద అరిగి, కింద ఎర్రని ఛాయ కనిపిస్తుంది. జింకు కథ వేరు. దాని మీది పలుచని పూత ఏళ్లు గడిచేకొద్దీ లోహంలోకే ఇంకిపోయి, బ్యాడ్జి మొత్తం సీసపు రంగుకు తిరుగుతుంది. బూడిద రంగులో ఉందని దానిని నకిలీ అనుకోవడం పొరపాటు. జింకు మీద నిన్న పూసినట్టు మెరిసే వెండి కనిపిస్తేనే అనుమానించాలి. ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. పదాతిదళ దాడి బ్యాడ్జిని 1939 డిసెంబరు 20న వెండి రంగులో ప్రవేశపెట్టారు; 1940 జూన్ 1న మోటారు వాహనాలలో కదిలే పదాతిదళానికి కంచు రంగుది వచ్చింది. పూత పోయిన తరువాత రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. అప్పుడు భూతద్దంతో ఆకుల సందులలో, పిన్ను కీలు కింద, చెయ్యి తగలని మూలలలో వెతకాలి. అసలు రంగు అక్కడే మిగిలి ఉంటుంది. గాయపు బ్యాడ్జి విషయంలోనూ రంగుకు అర్థముంది: ఒకటి రెండు గాయాలకు నలుపు, మూడు నాలుగింటికి వెండి, అయిదు లేక అంతకు మించితే బంగారు రంగు.

అచ్చు కొట్టిన బ్యాడ్జిలో గీతలు పదునుగా ఉంటాయి. అసలు బ్యాడ్జి నుంచి మూస తీసి పోతపోసిన నకిలీలో గద్ద ఈకలు మెత్తబడి, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలో బుడిపెలో కనిపిస్తాయి. వెనుక పిన్ను, కీలు, కొక్కెం ఏ ఆకారంలో ఉన్నాయో, ఎలా అతికించారో జాగ్రత్తగా ఫొటో తీయండి. ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క అలవాటు ఉండేది. ముద్ర లేని బ్యాడ్జిలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఈ అమరికను బట్టీ, అచ్చులో పడిన చిన్న పగుళ్లను బట్టీ పోల్చుకోవాలి.

ముద్రలు రెండు వరుసలు. ప్రభుత్వానికి సరఫరా చేసినవాటి మీద వట్టి అంకె ఉంటుంది. దుకాణాలలో అమ్మకానికి చేసినవాటి మీద 1941 నుంచి ‘ఎల్’ అక్షరం, గీత, అంకె ఉంటాయి. ఒకే తయారీదారుకు రెండు వరుసలలో వేరువేరు అంకెలు ఉన్నాయన్నది మరువకూడదు. ల్యూడెన్‌షైడ్ పట్టణపు స్టైన్‌హవర్ అండ్ ల్యూక్‌కు 4, ఎల్/16. బెర్లిన్‌లోని యుంకర్‌కు 2, ఎల్/12. విల్‌హెల్మ్ డోయ్‌మర్‌కు 3, ఎల్/11.

స్వస్తిక్ గుర్తు గురించి ఇంట్లో పిల్లలు తప్పక అడుగుతారు. మన గడపకు పసుపు కుంకుమలతో వేసే గుర్తు అర్థంతో దీనికి సంబంధం లేదనీ, లక్షలాది మందిని చంపిన నాజీ పాలన చిహ్నమనీ దాచకుండా చెప్పాలి. ఆ గుర్తు లేకుండా అదే నమూనా దొరికితే అది యుద్ధకాలపు వస్తువు కాదు. 1957 నాటి పశ్చిమ జర్మనీ చట్టం ప్రకారం మాజీ సైనికుల కోసం మళ్లీ చేసినది.

చిత్తూరు బ్యాడ్జిని ఈ వరుసలోనే చూశాము. అయస్కాంతానికి అంటుకోలేదు, బరువు జింకుకు సరిపోయింది, గీతలు పదునుగా ఉన్నాయి. కీలు కింద ఒక మూల, గోరు కొనంత చోట, కంచు రంగు మిగిలి ఉంది. వెనుక ముద్ర ఏదీ లేదు. తాతగారి సర్వీసు పుస్తకంతో పాటు మెత్తని కాగితంలో చుట్టి, తేమ తగలకుండా మూత బిగుతైన డబ్బాలో పెట్టి, చూసినదంతా తేదీతో ఒక కాగితం మీద రాసి పక్కన ఉంచాము.