టక్కుమనని స్విచ్ కనిపిస్తే ఒకసారి ఆగి చూడండి

అమెరికాలో 1960ల్లోనో 70ల్లోనో కట్టిన ఇల్లు కొన్నవాళ్లు పైకప్పు, నేలమాళిగ, పైపులు అన్నీ చూసుకుంటారు, స్విచ్‌ల జోలికి మాత్రం పోరు. ఒక్క పని చేయండి. టీవీ ఆపేసి గదులన్నీ తిరుగుతూ ప్రతి లైట్ స్విచ్ వేసి తీసి వినండి. మామూలుదైతే టక్కుమంటుంది. ఏదైనా ఒకటి చప్పుడే లేకుండా మెత్తగా కదిలి లైటు వెలిగిందంటే లోపల పాదరసం ఉండే అవకాశం ఉంది. ఇలాంటివి 1990ల మొదటి దాకా అమ్మారు, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లవి బాగా కనిపిస్తాయి.

లోపల బిళ్లంత డబ్బీ ఉంటుంది, అందులో పాదరసం, మధ్యలో చిన్న రంధ్రం ఉన్న అడ్డుగోడ. మీట పైకి ఎత్తితే (మనకు కిందికి నొక్కితే ఆన్, అక్కడ పైకి) డబ్బీ తిరిగి రంధ్రం కిందికొస్తుంది, అటూ ఇటూ ఉన్న పాదరసం కలిసి కరెంటు పారుతుంది. అందుకే దాన్ని తలకిందులుగా బిగిస్తే సరిగ్గా పనిచేయదు, అందుకే స్విచ్‌ను గోడకు బిగించే ఇనుప పట్టీ పైకొస మీద 'టాప్' అని ఇంగ్లీషులో అచ్చు గుద్దేవారు. ఇది చూడాలంటే బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకుని, అప్పుడు పై ప్లేటు విప్పండి. 'టాప్' మామూలు స్విచ్‌ల మీద కూడా ఉండొచ్చు కాబట్టి ఆ ఒక్కటీ చూసి తేల్చేయకండి, చప్పుడు లేకపోవడం కూడా కలవాలి.

ఉందని తేలినా టెన్షన్ పడక్కర్లేదు, డబ్బీ పగలనంతవరకు పాదరసం బయటికి రాదు. మార్చాలనుకుంటే మాత్రం లోపల ఏముందోనని విప్పి చూడొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన 'పాదరసం' అని ఇంగ్లీషులో రాసి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే మీ కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) కేంద్రంలో ఇచ్చేయండి. ఒక్కో దాంట్లో దాదాపు 2 గ్రాములు, జ్వరం చూసే పాత థర్మామీటర్‌లో కన్నా ఎక్కువే.

పొరపాటున పగిలితే పిల్లల్ని బయటికి పంపి కిటికీలు తెరవండి, చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ ముట్టొద్దు. చేతికి ఉంగరం, గాజులు ఉంటే ముందు తీసేయండి, పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది.

పనిలో పనిగా గోడ మీది పాత గుండ్రటి థర్మోస్టాట్ (ఇంట్లో వేడిని అదుపు చేసే పరికరం) మూత కూడా తీసి చూడండి. అందులో పాదరసం ఉంటే గాజు గొట్టంలో వెండి బొట్టులా కళ్లకే కనబడుతుంది.