డబుల్ గ్లాస్ కిటికీలో నీళ్లు, అద్దాల మధ్య మసక: సిలికాన్ గన్ పట్టే ముందు చెంబెడు నీళ్లు పోయండి

వానలు పడ్డాయంటే నాకు ఒకేలాంటి ఫోన్లు వస్తాయి. "కిటికీ కింద గోడ తడిసిపోతోంది. రెండుసార్లు సిలికాన్ వేయించాం, ఆగట్లేదు." వెళ్లి చూస్తే ఫ్రేము చుట్టూ బయటివైపు సిలికాన్ పొర మీద పొర ఉంటుంది. దాన్ని గోకితే, ట్రాక్‌లో నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన కన్నాలు కనిపిస్తాయి. నీళ్లు ఆపుదామని వేసిన సిలికానే నీళ్ల దారి మూసేసింది.

యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేము ఉన్న స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లోకి వాన నీళ్లు వస్తాయి. వస్తాయని తెలిసే దాన్ని తయారుచేస్తారు. వచ్చిన నీళ్లు ట్రాక్ అడుగున ఉన్న కన్నాల్లోంచి ఫ్రేము లోపలున్న బోలు అరలోకి దిగి, బయటి ముఖం మీదున్న కన్నాల్లోంచి పోవాలి. ఈ దారి తెరిచి ఉందో లేదో చూడటానికి పనిముట్లేమీ అక్కర్లేదు. ట్రాక్‌లో చెంబెడు నీళ్లు పోసి, ఒకరు బయట నిలబడి చూస్తే చాలు. ఇంత తేలికైన పరీక్షని ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దయచేసి ముందు ఇది చేయండి.

వానకి కిటికీ కింద నీళ్లు

పోసిన నీళ్లు బయటి కన్నాల్లోంచి ధారగా పడితే ఫ్రేము బాగున్నట్టే. తేడా గోడకీ ఫ్రేముకీ మధ్య సందులోనో, బయటి గట్టు వాటంలోనో ఉంది. గట్టు రాయి వాలు బయటికి ఉండాలి. లోపలికి వాలితే, కన్నాల్లోంచి పోయిన నీళ్లే తిరిగి ఫ్రేము కిందికి వస్తాయి. ఫ్రేము బయట సిలికాన్ అవసరమయ్యేది ఇక్కడ, ఈ సందులో మాత్రమే. అది కూడా పాతది పూర్తిగా గోకి, ఆరాక వేయాలి.

నీళ్లు ట్రాక్‌లోనే నిలిచిపోతే కన్నాలు పూడుకుపోయాయి. ఇసుక, చచ్చిన ఉసిళ్లు, పెయింటర్ పెట్టిన లప్పం, ఇవే ఉంటాయి. చీపురుపుల్లతో పొడిచి, నీళ్లు కొట్టి కడగండి. పుల్ల సూటిగా ఆవలికి రాలేదని కంగారుపడొద్దు. గాలి నేరుగా నీళ్లని లోపలికి తోయకుండా లోపలి కన్నాన్నీ బయటి కన్నాన్నీ ఎదురెదురుగా పెట్టకుండా పక్కకి జరుపుతారు. రెండువైపుల నుంచీ విడివిడిగా పొడవాలి.

నీళ్లు ట్రాక్‌లోంచి దిగిపోయి, బయటికి మాత్రం రాకపోతే జాగ్రత్తగా చూడండి. ట్రాక్ అడుగున గోడకి బిగించిన స్క్రూలు ఉంటాయి. వాటి తలల చుట్టూ సిలికాన్ వేయకుండా ఫిట్టింగ్ వాళ్లు వెళ్లిపోతే, నీళ్లు స్క్రూ వెంబడే గోడలోకి దిగుతాయి. పోయే దారిలో ఫ్రేము లోపలి ఇనుప బద్దీ తడుస్తుంది. స్క్రూ తల చుట్టూనో, బయటి కన్నాల కిందో తుప్పు రంగు మరక కనిపిస్తే అదే గుర్తు. స్క్రూ విప్పి, కన్నంలో సిలికాన్ నింపి, మళ్లీ బిగించి, తల మీద కూడా వేయండి.

తుఫాను రోజు సంగతి వేరు. హుద్‌హుద్, తిత్లీ లాంటి గాలికి బయటి నుంచి వచ్చే ఒత్తిడే నీళ్లని ట్రాక్‌లో నిలబెట్టేస్తుంది. గాలి తగ్గగానే ఆ నీళ్లు వాటంతటవే దిగిపోతే కిటికీలో లోపం లేదు.

రెండు అద్దాల మధ్య మసక

ముందు వేలితో తుడవండి. ఏసీ వేసుకుని పడుకున్న గదికి తెల్లారి బయటి అద్దం మీద ఆవిరి పడితే అది మన ఉక్క గాలి చేసే పని. ఎండ తగలగానే పోతుంది. లోపల తుడిచినా బయట తుడిచినా పోని మసక, మధ్యలో చిన్న చిన్న బొట్లు, కింది అంచున తెల్లటి చారలు, ఇవుంటే ఆ యూనిట్, అంటే రెండు అద్దాలనీ కలిపి అంచులు మూసిన ముక్క, సీలు పోయింది. దాన్ని బాగుచేయడం కుదరదు. కన్నం పెట్టి ఆరబెడతామని ఎవరైనా అంటే డబ్బులివ్వొద్దు. ఫ్రేము ఉంచి, గ్లాస్ యూనిట్ ఒక్కటీ మార్చుకోవాలి. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే.

సీలు ఎందుకు పోయిందో చూడకుండా అద్దం మార్చేస్తారు. నేనూ అలాగే మార్చాను.

కళింగపట్నం వైపు ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు. తూర్పు గదిలో తెరుచుకునే రెక్కల కిటికీ, సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు. ఒక రెక్కలో మసక. కొలతలు తీసుకుని, విశాఖ నుంచి ఐదు మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దాలు, మధ్య పన్నెండు ఖాళీ, మొత్తం ఇరవై రెండు మిల్లీమీటర్ల యూనిట్ తెప్పించి దసరాకి బిగించాను. అక్కడి ఈశాన్య రుతుపవనాల వానలు దాటి సంక్రాంతి వచ్చేసరికి మాస్టారి నుంచి ఫోన్. "ఏటి బాబూ, మొన్న దసరాకే కదా మార్చావు? మళ్లీ అదే మూల మసకేసింది."

అద్దం చేసినవాళ్ల తప్పనుకున్నాను. గట్టిగా మాట్లాడి ఇంకో యూనిట్ తెప్పించాను. పాతది తీయడానికి కింది బీడింగ్ (అద్దాన్ని రెక్కలో పట్టి ఉంచే పట్టీ) ఊడదీయగానే చల్లటి నీళ్లు నా చేతి మీదుగా మోచేతి దాకా కారాయి. నిలవ నీళ్ల వాసన. రెక్క అడుగు గాడిలో అర వేలు లోతున నీళ్లున్నాయి. యూనిట్ అంచు ఆ నీళ్లలోనే నానుతోంది. అంచు చుట్టూ గట్టిగా ఉండాల్సిన నల్ల సీలెంట్ మెత్తబడి, గోరుతో లాగితే పీలికలా వచ్చేసింది. మూడు నెలల కిందటి కొత్త అద్దం అది.

ఫ్రేముకి ఉన్నట్టే రెక్కకి కూడా కన్నాలుంటాయి. బయటి రబ్బరు మూలల్లో కాస్త కుంచించుకుపోయినా, అద్దం మీద జారే నీళ్లు కొంత రెక్క గాడిలోకి దిగుతాయి. ఆ నీళ్లు పోవడానికి రెక్క అడుగున కన్నాలు పెడతారు. మాస్టారి కిటికీకి ఆ కన్నాలున్నాయి. అద్దాన్ని గాడి అడుగు నుంచి ఎత్తి ఉంచే ప్యాకింగ్ ముక్కలు మాత్రం కింద లేవు. దాంతో అద్దం నేరుగా గాడి అడుగున కూర్చుని, తన బరువుతో తనే ఆ కన్నాలు మూసేసింది. బయటి నుంచి చూస్తే అన్నీ సక్రమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. నేను మొదటిసారి పాత అద్దం ఎలా ఉందో కొత్తదీ అలాగే పెట్టాను. ప్యాకింగ్ ఉందా అని చూడలేదు.

రెండు అద్దాలనీ విడదీసి పట్టుకునే అల్యూమినియం స్పేసర్ లోపల తేమ పీల్చే గుళికలుంటాయి. ఎండకి లోపలి గాలి వ్యాకోచించి, రాత్రికి కుంచించుకుపోతూ ఉంటుంది. సీలు చెడిన చోట రాత్రి పూట తేమ గాలి కొంచెం కొంచెం లోపలికి చేరుతుంది. గుళికలు పీల్చగలిగినంత పీల్చి ఇక నిండిపోతాయి. ఆ తర్వాతే మసక బయటపడుతుంది. మీకు మసక కనిపించిందంటే, కింద నీళ్లు నిలవడం చాలా ముందే మొదలైంది.

కాబట్టి కొత్త యూనిట్‌కి ఆర్డరిచ్చే ముందు ఈ పరీక్ష చేయండి. రెక్క తెరిచి, సూది తీసేసిన సిరంజితో బయటి రబ్బరుకీ అద్దానికీ మధ్య, కింది అంచున నీళ్లు ఎక్కించండి. నిమిషంలో రెక్క అడుగు నుంచి చుక్కలు పడాలి. పడకపోతే బీడింగ్ విప్పాల్సిందే.

లప్పం పట్టే రేకుతో పొడుగు బీడింగ్‌ని మధ్యలోంచి లేపండి, మూల నుంచి కాదు. ఏది ఎక్కడిదో పెన్సిల్‌తో రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు పొట్టివి ముందు, పొడుగువి తర్వాత. తీసిన టఫెన్డ్ అద్దాన్ని మూల ఆనేలా సిమెంటు నేల మీద పెట్టొద్దు, మొత్తం పొడి పొడిగా రాలిపోతుంది. గోనెసంచి మడతపెట్టి దాని మీద నిలబెట్టండి.

గాడి తుడిచి, కన్నాలు శుభ్రం చేశాక ప్యాకింగ్ పెట్టాలి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి. చెక్క ముక్కలు వద్దు, నానిపోతాయి. స్లైడింగ్ రెక్కకైతే కింద రెండు, రోలర్ల మీదికి వచ్చేలా. తెరుచుకునే రెక్కకైతే కింద హింజ్ వైపు మూలలో ఒకటి, పైన హ్యాండిల్ వైపు మూలలో ఒకటి, అంటే ఐమూలగా బిగువు పడాలి. అప్పుడే అద్దం బరువు హింజ్ మీదికి వెళ్తుంది, రెక్క కిందికి దిగదు. ముక్క కన్నం మీద పడితే చేసిన పనంతా వృథా. మధ్యలో నీళ్లు పారే గాడి ఉన్న ముక్కలు వస్తాయి, అవి అడిగి తీసుకోండి. రెక్కకి అసలు కన్నాలే లేకపోతే ఐదు మిల్లీమీటర్ల బిట్‌తో వేయొచ్చు. ఇనుప బద్దీ ఉన్న అర వైపు మాత్రం బిట్ దింపొద్దు.

మాస్టారి కిటికీకి నాలుగు ప్లాస్టిక్ ముక్కలు పెట్టాను. ఆ అద్దం మళ్లీ మసకెక్కలేదు.

తలుపు ఈడుస్తోంది, హ్యాండిల్ తిరగట్లేదు

తలుపు తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పండి. అప్పుడు సాఫీగా తిరిగితే లాక్ బాగుంది, తలుపే కిందికి దిగింది. బలవంతంగా తిప్పితే లోపలి గేరు విరుగుతుంది. హింజ్ మూత తీస్తే అలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. పావు చుట్టు తిప్పుతూ, మూసి చూసుకుంటూ వెళ్లండి. ఎంత తిప్పినా కొన్నాళ్లకి మళ్లీ దిగుతుంటే, పైన చెప్పిన ఐమూల ప్యాకింగ్ లేదన్నమాట.

స్లైడింగ్ బరువుగా కదిలితే ట్రాక్‌లో ఇసుక ఊడ్చండి, రోలర్ చుట్టూ చుట్టుకున్న వెంట్రుకలు తీయండి. నూనె, గ్రీజు వద్దు, ఇసుక అంటుకుని ముద్ద కడుతుంది. సిలికాన్ స్ప్రే ఒక్కసారి కొడితే చాలు. గాలికి ఈల వేస్తుంటే రెక్క అంచున సందు మూసే బ్రష్ పట్టీ అరిగిపోయింది, మీటర్ల లెక్కన తెచ్చి పాతది లాగి కొత్తది దూర్చండి.

ఫ్రేము మూల వెల్డింగ్ విడిపోవడం, ప్రొఫైల్ వంకర తిరగడం, టఫెన్డ్ అద్దం దానంతటది పగలడం లాంటివి అరుదు. అవి మీ చేతిలో పనులు కావు, వారంటీ కాగితం తీసి పట్టుకోండి.

భోగాపురం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు ఒక పని అదనంగా చేయాలి. హింజ్‌లూ స్క్రూ తలలూ నెలకోసారి మంచినీళ్ల గుడ్డతో ఉప్పు పోయేలా తుడిచి, ఆరాక స్ప్రే కొట్టండి. స్క్రూ మార్చాల్సి వస్తే స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. తుప్పు పట్టిన స్క్రూ తల అరిగిపోతే, రెక్క ఊడదీయడానికే ఒక పూట పడుతుంది.