గుమ్మడికాయ పై (pie) చేస్తామని ఒప్పుకున్నారా? ముందు నీళ్ల సంగతి చూడండి

మొన్న మా అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు, హాలోవీన్ అయిపోయాక సగం ధరకి పెట్టిన పెద్ద గుమ్మడికాయని భుజాన పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. "అన్నా, థాంక్స్‌గివింగ్‌కి ప్రొఫెసర్ గారు భోజనానికి పిలిచారు, పై చేసి పట్టుకెళ్తా" అన్నాడు. పై అంటే పిండి పొరలో తీపి గుజ్జు పోసి ఓవెన్‌లో కాల్చేది. అమెరికాలో నా మొదటి నవంబరు, మొదటి థాంక్స్‌గివింగ్ పండగ గుర్తొచ్చి నాకు గుండె జారింది. నేనూ అదే కాయ కొని, ఉడకబెట్టి, మిక్సీలో తిప్పి, గుడ్లూ పాలూ కలిపి గంటన్నర ఓవెన్‌లో పెట్టాను. కోస్తే ముక్క రాలేదు, పప్పుచారులా పళ్లెంలోకి జారింది. పాపం భోజనానికి పిలిచినవాళ్లు మర్యాదకి చెంచాలతో తిన్నారు.

అందుకే చెప్తున్నా, వినండి. హాలోవీన్‌కి ముఖాలు చెక్కే ఆ పెద్దకాయలో పీచూ నీళ్లే ఎక్కువ. మీకు కావలసింది షుగర్ పంప్‌కిన్ అనో పై పంప్‌కిన్ అనో రాసి ఉండే చిన్నది, రెండు మూడు పౌండ్లది. రెండు చెక్కలు చేసి, గింజలు తీసి (పారేయకండి, ఉప్పూ కారం చల్లి వేయించుకోండి), ట్రేలో బోర్లించి 400 డిగ్రీల దగ్గర ముప్పావు గంట నుంచి గంట కాల్చండి. ఇక్కడి ఓవెన్ లెక్క ఫారెన్‌హీట్, అదీ నేనే చెప్పాలా! ఉడకబెట్టొద్దు, ఉడకబెడితే ఇంకా నీళ్లు పడతాయి. గుజ్జుని మెత్తగా చేసి, పల్చటి బట్టలో మూటగట్టి, పెరుగు వేలాడదీసినట్టు ఓ గంట వేలాడదీయండి. ఇంకా పల్చగా అనిపిస్తే బాణలిలో సన్నసెగ మీద హల్వా తిప్పినట్టు తిప్పండి, గరిటతో గీస్తే గీత నిలవాలి. ఇంత విసిగిస్తున్నాడేంటి అనుకోకండి, చెంచాలతో తిన్నది మీ పై కాదు.

మిగతాది తేలికే. రెండు కప్పుల గుజ్జుకి రెండు గుడ్లు, ముప్పావు కప్పు పంచదార, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క, శొంఠి, లవంగాల పొడి, పన్నెండు ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్ (నీళ్లు ఇగిర్చిన చిక్కటి పాలు) డబ్బా ఒకటి. పక్కనే అలాంటి డబ్బాలోనే కండెన్స్‌డ్ మిల్క్ ఉంటుంది, అది కాదు, దాంట్లో చక్కెర నిండా ఉంటుంది. అడుగున పిండి పొరకి వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి వాడండి, నీళ్లు కూడా ఐసువే, చపాతీ పిండిలా మర్దించారంటే చెక్కలా గట్టిపడుతుంది. ఆ పొరని పళ్లెంలో పరిచి, కలిపిన గుజ్జు పోసి, 425లో పావుగంట, తర్వాత 350కి తగ్గించి ఇంకో నలభై యాభై నిమిషాలు. అంచులు గట్టిపడి, నడుమ మాత్రం జున్నులా కొంచెం ఊగుతుంటే తీసేయండి. అది చల్లారుతూ గట్టిపడుతుంది, కనీసం రెండు గంటలు కత్తి దగ్గరికి వెళ్లొద్దు. గుడ్డు తినని స్నేహితులుంటే ముందే చెప్పండి, చూస్తే తెలియదు.

మరీ టెన్షన్ పడిపోతుంటే సరే, డబ్బాలో గుజ్జే కొనుక్కోండి. ఇక్కడివాళ్లలోనే చాలామంది అదే వాడతారు. కాకపోతే పై ఫిల్లింగ్ అని రాసి ఉన్నదాంట్లో చక్కెర, మసాలా ముందే కలిపేసి ఉంటాయి, చదివి తీసుకోండి. పైన పగుళ్లొస్తే విప్పింగ్ క్రీమ్ పూస్తే సరి, ఎవరూ అడగరు. నాకూ రెండో ఏడాదికి కుదిరింది.

ఆ తమ్ముడి పెద్దకాయ సంగతంటారా, నాలుగు రోజులుగా ఇద్దరం దప్పళం తింటున్నాం.