చర్చిలో ఆదివారం పాటలు, క్వయిర్ (గాయక బృందం): ఎలా సిద్ధం చేయాలి?

ముందు పాస్టర్ గారిని అడిగి ఆ వారం వాక్యభాగం ఏమిటో తెలుసుకోండి, పాటలు ఎంచుకోవడం ఆ తర్వాతే. ప్రసంగం పశ్చాత్తాపం గురించైతే ముందు పాట మనసును అటు తిప్పాలి, తర్వాతి పాట ఆ వాక్యానికి సంఘం ఇచ్చే జవాబులా ఉండాలి. ట్యూన్ బాగుందని మాత్రమే పెట్టిన పాట అతకదు.

శ్రుతి విషయంలో చాలా జాగ్రత్త. 16వ శతాబ్దంలో జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ జనం భాషలో కీర్తనలు రాసి అందరిచేతా పాడించాడు కదా, అంటే అసలు క్వయిర్ సంఘమే! మెలొడీ పై 'డి' స్వరం (కీబోర్డులో మధ్య 'సి' తర్వాత వచ్చే పై 'సి' పక్కది) దాటి వెళ్తుంటే చాలామంది పాడటం ఆపేస్తారు, కాబట్టి సోలో సింగర్‌కి హాయిగా ఉన్నా సరే ఒకటి రెండు మెట్లు దించండి.

కొత్త పాట నేర్పాలా? ఇంగ్లిష్ హిమ్నల్స్‌లో (చర్చి పాటల పుస్తకాల్లో) 8.6.8.6 లాంటి అంకెలు ఉంటాయి, అవి ఒక్కో పాదంలోని సిలబుల్స్ (పలికే అక్షరాల) లెక్క. లెక్క కలిసి, పదాల ఊపు కూడా సరిపోతే, కొత్త సాహిత్యాన్ని అందరికీ తెలిసిన ట్యూన్‌లో పాడించవచ్చు, నాకైతే ఇదే బాగా నచ్చిన పద్ధతి.

ప్రాక్టీస్‌లో మొదట సాహిత్యం గట్టిగా చదివించండి. తర్వాత సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనర్, బేస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) విడివిడిగా, ఆపైన కలిపి. వాయిద్యాలు చివర్లో చాలు. ఆదివారం ఉదయం మైకులు చూసేటప్పుడు వెనక వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, మాటలు స్పష్టంగా వినపడుతున్నాయో లేదో అడగండి. వినపడకపోతే కీబోర్డు, డ్రమ్స్ తగ్గించండి.